రోడ్డు పక్క చెట్ల వేరుకుళ్లు కొబ్బరికీ సోకుతుందా?

ప్రశ్న: మా ప్రహరీని ఆనుకొని రోడ్డు వెంట ఉన్న తురాయి, నిద్రగన్నేరు చెట్లు మూడేళ్లుగా ఒక్కొక్కటిగా ఎండిపోతున్నాయి. మొదళ్ల వద్ద గట్టి పుట్టగొడుగులు వచ్చాయి. చనిపోయిన చోట నాటిన కానుగ మొక్కలు కూడా బతకలేదు. మట్టిలో ఏ మందు పోయాలి? పెరట్లోని కొబ్బరి చెట్లకూ ఇది వస్తుందా?
– ఒక రైతు, పెందుర్తి, విశాఖపట్నం

సమాధానం: మీరు తెలిపిన లక్షణాలను బట్టి ఇది గానోడెర్మా శిలీంధ్రం వల్ల కలిగే వేరుకుళ్లు తెగులు కావచ్చు. పుట్టగొడుగు పైభాగం లక్క పూసినట్లు ఎర్రగోధుమ రంగులో మెరుస్తూ, అంచు తెల్లగా ఉంటే అనుమానం మరింత బలపడుతుంది. అది బయటకు కనిపించేనాటికే లోపల వేర్లు, మొదలు చాలావరకు కుళ్లి ఉంటాయి కనుక అటువంటి పెద్ద చెట్టుకు మందు పోయడం డబ్బు వృథా చేసుకోవడమే.

ఈ శిలీంధ్రానికి అసలు ఆశ్రయం మట్టిలో మిగిలిపోయిన పాత మొదళ్లు, వేర్ల ముక్కలు. వాటిలో ఏళ్ల తరబడి బతికి ఉండి, పక్క చెట్టు వేరు తగిలినప్పుడు దానిలోకి పాకుతుంది. పైపులకు, కేబుళ్లకు కందకాలు తవ్వినప్పుడు తెగిన వేర్ల గాయాలు కూడా దానికి దారి ఇస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు నగరంలో కూలిన చెట్ల మొదళ్లను పెకలించకుండా పైకి మాత్రమే కోసి వదిలిన చోట్ల కూడా ఇదే ప్రమాదం ఉంది. మీ కానుగ మొక్కలు బతకకపోవడానికి పాత గుంతలోనే నాటడం కారణమై ఉండవచ్చు. అందువల్ల ముందుగా మొదలును, చేతికందిన వేర్లన్నింటినీ తవ్వి తీసి కాల్చివేసి, గుంతను వేసవి అంతా ఎండకు వదిలి, కొత్త మట్టితో నింపాలి. వీలైతే కొన్ని అడుగులు జరిపి నాటడం ఇంకా మంచిది. 90 కిలోల చివికిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంధ్రాలను అణచే మేలు శిలీంధ్రం) కలిపి, నీడలో తేమ ఆరకుండా వారం పది రోజులు ఉంచి గుంతలలో వేయాలి. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు వేయనీయవద్దు.

పుట్టగొడుగులు వచ్చిన రోడ్డు చెట్లు తుపాను గాలులకు కూలే ప్రమాదం ఉన్నందున అక్టోబరు లోపే నగరపాలక సంస్థకు తెలియజేయండి. నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి అవసరం కనుక మీరు స్వయంగా కొట్టించకూడదు. అయితే వేప చెట్ల కొమ్మల చివర్లు ఎండిపోవడం వేరే తెగులు, అది వేర్లది కాదు. చాలా చెట్లు తిరిగి చిగురిస్తాయి కాబట్టి వాటిని తొందరపడి తీసివేయవద్దు.

కొబ్బరికీ గానోడెర్మా సోకుతుంది. కింది ఆకులు పసుపుబారి వేలాడడం, కాండం మొదట్లో ఎర్రగోధుమ రంగు జిగురు కారడం దాని తొలి గుర్తులు. ఒక చెట్టు పాదులోని నీరు మరో పాదులోకి పారనీయకుండా విడివిడిగా కట్టండి, వేర్లు తెగేలా దున్నవద్దు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి చెట్టుకు ఏటా 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి వేయాలి. తెగులు కనిపించిన చెట్టు చుట్టూ 4–5 అడుగుల దూరంలో, అడుగు వెడల్పు, 2–3 అడుగుల లోతున కందకం తీసి, కోతకు వచ్చిన కాయలు దింపిన తరువాత 100 మి.లీ. నీటిలో 2 మి.లీ. హెక్సాకొనజోల్ అనే శిలీంధ్రనాశక మందు కలిపి మూడు నెలలకొకసారి వేరు ద్వారా ఎక్కించాలి. పాదులో ఒక శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన రాగి మందు) 40 లీటర్లు పోయాలి. కానీ ఆ తరువాత కనీసం 15 రోజుల వరకు ట్రైకోడెర్మా వేయరాదు, రాగి మందు దానిని కూడా చంపుతుంది. ఈ చికిత్స తొలిదశలోనే పనిచేస్తుంది. మొదలు చుట్టూ పుట్టగొడుగులు లేచిన కొబ్బరిని వేర్లతో సహా తీసివేయాల్సిందే.