మే నెల ఎండలో కేకు గోదావరి దాటాలంటే

ప్రశ్న: మాది మలికిపురం. నా చిన్ననాటి స్నేహితురాలి 25వ పెళ్లిరోజు మే మూడో వారంలో నరసాపురంలో చేస్తున్నారు. కేకు నువ్వే చెయ్యాలని పట్టుబట్టింది. నలభై మందికి సరిపడా రెండంతస్తుల కేకు కావాలట. తెల్లటి క్రీము, చుట్టూ ఫాండెంట్ (పంచదార ముద్ద) గులాబీలతో ఉన్న ఒక ఫొటో కూడా పంపింది. పోయిన వేసవిలో మా అబ్బాయి పుట్టినరోజుకి చేసిన కేకు మీద బటర్‌క్రీమ్ మొత్తం పళ్లెంలోకి జారిపోయింది, గులాబీలు జిగురు పట్టాయి. పైగా వాళ్ల అత్తగారు గుడ్డు తినరు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, మలికిపురం

జవాబు: ముందు ఆ ఫొటో సంగతి తేల్చుకోండమ్మా. మీ స్నేహితురాలికి ఇవాళే ఫోన్ చేసి, "ఇది ఏసీ గదిలో చేసి, ఏసీ గదిలోనే కోసే కేకు. మన మే నెలకి నిలబడదు, నేను వేరే రకంగా అందంగా చేస్తాను" అని చెప్పండి. పాలకొల్లులో మా ఇంట్లో కేకులు చేసి ఇస్తుంటాను కాబట్టి చెబుతున్నా, ఈ మాట ముందే అనేస్తే సగం బరువు దిగిపోతుంది. చిన్ననాటి స్నేహితురాలు కదా, అర్థం చేసుకుంటుంది.

పోయినేడు క్రీము జారింది మీ చేతి లోపం వల్ల కాదు. వెన్న 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మే నెలలో మన వంటగది వేడి ఎప్పుడూ దానికి పైనే. ఇక ఫాండెంట్ అంటే దాదాపు అంతా పంచదారే, గాలిలో తడిని లాగేసుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీయగానే సముద్రపు గాలి ఆ చల్లటి పువ్వుకి తగిలి నీరు పడుతుంది, అదే జిగురు. ఎంత నేర్పుతో చేసినా మన ఊళ్లలో వేసవికి ఆ రెండూ వద్దు.

డార్క్ చాక్లెట్ గనాష్, అంటే వేడి క్రీములో చాక్లెట్ కరిగించిన పూత, చెయ్యండి. చలికాలంలో రెండు పాళ్ల చాక్లెట్‌కి ఒక పాలు క్రీము చాలు కానీ మే నెలలో మూడు పాళ్లకి ఒకటి వెయ్యాలి. అంటే 600 గ్రాముల చాక్లెట్‌కి 200 గ్రాముల క్రీము. క్రీము అంచుల వెంట బుడగలు రాగానే దించి, సన్నగా తరిగిన చాక్లెట్ మీద పొయ్యండి. రెండు నిమిషాలు కదపకుండా వదిలేసి, మధ్యలోంచి మొదలుపెట్టి నెమ్మదిగా కలపండి. మూతపెట్టి రాత్రంతా ఉంచితే పొద్దుటికి ముద్దపప్పంత చిక్కగా అవుతుంది, అప్పుడు రాయడానికి వీలు. మొదట పల్చగా ఒక పూత వేసి పొడిపొడిగా లేచే కేకు తునకల్ని అందులో అణిచేయండి. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీసి, ఆ తర్వాతే అసలు పూత వెయ్యండి. తెల్ల చాక్లెట్ గనాష్ జోలికి మాత్రం పోకండి, అది వేడికి త్వరగా మెత్తబడుతుంది.

మరి తెలుపు ఎలా అంటారా? ఆత్రేయపురం పూతరేకులున్నాయి కదా! పంచదార, నెయ్యి వెయ్యని సాదా రేకులు తెప్పించండి. చేత్తో తుంచి, కుచ్చిళ్లుగా మడిచి, గనాష్ చుక్కతో కేకుకి అతికించుకుంటూ వెళ్లండి. నల్లటి చాక్లెట్ మీద ఆ రేకు లోపలి వెలుతురు కనిపించేంత పల్చగా నిలబడుతుంది, ఏ ఫాండెంటూ దానికి సాటి రాదు. వాళ్లది రజతోత్సవం కాబట్టి మిఠాయిల మీద వేసే వెండి రేకు అక్కడక్కడా అద్దండి. కాకపోతే పూతరేకు తడి తగిలితే కరిగిపోతుంది. అందుకని ఆ పని నరసాపురం చేరాక, కేకు కోసే ముందే చెయ్యాలి. పూలు పెట్టాలనిపిస్తే మందు కొట్టని పెరటి గులాబీలు కడిగి, కాడకి ప్లాస్టిక్ చుట్టి పెట్టండి. గన్నేరు మాత్రం ఎంత ముచ్చటగా ఉన్నా వద్దు, అది విషం.

అత్తగారి విషయం. పై అంతస్తు ఒక్కటే గుడ్డు లేకుండా చేద్దామని మీకు అనిపించవచ్చు. గుడ్డు కేకు మీద కూర్చున్నదాన్ని ఆవిడ ముట్టుకోరు, పెద్దవాళ్ల పట్టింపు అలాగే ఉంటుంది. రెండూ గుడ్డు లేకుండానే చేసేయండి. కప్పు పెరుగు, ముప్పావు కప్పు పంచదార కలిపి, అర టీస్పూను వంటసోడా, ఒకటింపావు టీస్పూను బేకింగ్ పౌడర్ వేసి ఐదు నిమిషాలు ఆగితే నురగ పొంగుతుంది. అప్పుడు అరకప్పు నూనె, కొంచెం వెనిల్లా, జల్లించిన ఒకటిన్నర కప్పుల మైదా. ఈ పిండి 6 అంగుళాల టిన్నులు రెండింటికి వస్తుంది. కింద 10 అంగుళాలవి రెండు కావాలి కాబట్టి దానికి మూడింతలు. ఒకేసారి కలిపి ఉంచకండి, సోడా పొంగు పోతుంది. ఏ వాయికి ఆ వాయే కలుపుకోండి. ముందురోజు పొద్దున్నే కాల్చుకుంటే కరెంటు పోయినా తిరిగి చేసుకునే వ్యవధి ఉంటుంది. పైన చల్లగా తగిలినా కేకు లోపల చాలాసేపు వేడిగానే ఉంటుంది. కాబట్టి పూర్తిగా ఆరనిచ్చి, ప్లాస్టిక్ చుట్టి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి.

ప్రయాణం దగ్గర ఇంకొంచెం జాగ్రత్త పడాలి. మీకు సఖినేటిపల్లి రేవులో పంటు (కార్లని కూడా గోదావరి దాటించే పడవ) ఎక్కితే దగ్గరే. కానీ కారు పంటు మీదకి దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ ముందుకీ వెనక్కీ వాలుతుంది. చుట్టయినా సరే దిండి మీదుగా చించినాడ వంతెన దాటి, పాలకొల్లు నుంచి రండి. రెండంతస్తుల్నీ విడివిడిగా తెచ్చి అక్కడే పేర్చుకోండి. కింది కేకులో లావు స్ట్రాలు ఐదు, కేకు ఎత్తుకి కత్తిరించి దించి, పై కేకుని దాని అట్టతో సహా వాటి మీద పెడితే కిందది కుంగదు. మన వైపు రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టెలు ఉంటాయి చూడండి, మా వీధిలో వ్యాపారం చేసే అన్నయ్యగారిని అడిగి కొత్తది తెచ్చుకుంటాను. వాడినది వద్దు, వాసన కేకుకి పట్టేస్తుంది. అడుగున గడ్డకట్టిన నీళ్ల సీసాలు, మీద చెక్క పలక, దాని మీద మూసిన అట్టపెట్టెలో కేకు. ఎవరి ఒళ్లోనూ పెట్టకండి, కారులో చదునుగా ఉన్న చోట ఉంచి ఏసీ వేసుకోండి. చేరాక పావుగంట పెట్టె తెరవకండి.

ప్రశ్న: అమూల్ ఫ్రెష్ క్రీము ఎంతసేపు గిలక్కొట్టినా గట్టిపడటం లేదండి. బీటర్ మార్చాలా?
- ఒక పాఠకురాలు, మండపేట

జవాబు: బీటర్ బాగానే ఉందండి. ఆ క్రీములో వెన్నశాతం 25 మాత్రమే. గిలక్కొడితే నిలబడాలంటే 30 పైన, 35 ఉంటే ఇంకా మంచిది. డబ్బా మీద 'విప్పింగ్ క్రీమ్' అని రాసి ఉన్నది కొనండి. గిన్నె, బీటర్ పుల్లలు కూడా ముందుగా ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లవారుజామున చల్లటి వేళ గిలక్కొట్టండి. మీ దగ్గరున్న ఫ్రెష్ క్రీము పారెయ్యకండి, గనాష్‌కి చక్కగా పనికొస్తుంది.