తాళంచెవి సాక్ష్యం చెబుతుందా?

ప్రశ్న: 1948లో వదిలి వచ్చిన ఇళ్ల తాళంచెవులను పాలస్తీనా కుటుంబాలు ఇంకా దాచుకున్నాయని చదివాను. చరిత్రకారులు వీటిని లెక్కలోకి తీసుకుంటారా? ఉత్త సెంటిమెంటని మావారి వాదన.
(ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ)

జవాబు: మీవారిని ఏమీ అననమ్మా. గుంటూరులో 30 ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన నేనూ మొదట్లో కాగితం చూస్తేగానీ నమ్మేవాణ్ని కాదు. పులిచింతల ముంపులో ఊరు పోయిన ఒక పెద్దావిడ ఆ పిచ్చి వదిలించింది. ఖాళీ చేసిన ఏడాది అడిగితే ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చెప్పింది. ఏటి రేవుకి దారి అడిగితే మాత్రం ఎవరి అరుగు దాటాక ఎవరి గొడ్లచావిడో, ఏ వేపచెట్టు కింద బిందె దించుకునేవాళ్లో వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయింది. నష్టపరిహారం కాగితంలో ఉన్నది ఇంటి కొలతలే.

ఇక పాలస్తీనా. ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి 1948 యుద్ధంలో 7 లక్షల మందికి పైగా పాలస్తీనా అరబ్బులు ఇళ్లు విడిచారు. వాళ్లు దాన్ని నక్బా, అంటే మహావిపత్తు అంటారు. ఇజ్రాయెలీలకు అదే స్వాతంత్ర్య యుద్ధం. జనం కదిలిన మాట మీద పండితుల్లో తగాదా లేదు, ఎందుకు కదిలారన్న దగ్గరే. అరబ్ నాయకులు పొమ్మంటే పోయారన్న మాట ఇజ్రాయెల్లో చాలాకాలం చెల్లింది. 1980ల్లో అక్కడి పాత దస్త్రాలు బయటికొచ్చాక చరిత్రకారుడు బెన్నీ మోరిస్ వాటిని తిరగేసి, సైన్యం వెళ్లగొట్టిన ఊళ్లూ ఉన్నాయని రాశారు. అయితే ముందే వేసుకున్న పథకమంటే ఆయన ఒప్పుకోరు. పథకమేనంటారు ఇంకో చరిత్రకారుడు ఇలాన్ పాపె. ఇద్దరూ ఇజ్రాయెలీలే!

మోరిస్‌కి కాగితం మీదే గురి, ముసలివాళ్ల మాట మీద తక్కువ. ఇక్కడే నాకు పేచీ. పారిపోయేవాడు రిపోర్టు రాయడు కదా, రాసేది సైన్యం. పాలస్తీనా చరిత్రకారుడు వలీద్ ఖాలిదీ బృందం కాగితంతోనే ఆగలేదు. పాత జనాభా లెక్కలు, మ్యాపులు చూసి, ఆ చోట్లకి మనుషుల్ని పంపి, ఖాళీ అయిన 418 ఊళ్ల వివరాలు 1992లో అచ్చువేసింది.

మీ తాళంచెవి ఇల్లు ఎవరిదో తేల్చదు, దానికి దస్తావేజు కావాలి. కానీ తిరిగి రాననుకున్నవాడు తాళం వేసి, చెవి మొలకి దోపుకుపోడు. వెళ్లేనాటి ఆలోచన ఏమిటో అది చెబుతుంది. శాంతిగా బతుకుతామనే శరణార్థులను తిరిగి రానివ్వాలని ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం చేసింది కూడా 1948 డిసెంబరులోనే.

నన్నడిగితే తాళంచెవి కంటే బట్టలే ఎక్కువ మాట్లాడతాయి. మా అమ్మ అంచు తడిమి మంగళగిరి చీరో కాదో చెప్పేది. పాలస్తీనా ఆడవాళ్ల గౌన్ల మీద తత్రీజ్ అనే ఎంబ్రాయిడరీ ఉంటుంది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. గుండెల మీది కుట్టు చూసి ఆమెది ఏ ప్రాంతమో పోల్చేవాళ్లు. 1948 తర్వాతి గౌన్లతో ఆ పని కష్టం. శిబిరాల్లో నాలుగు ఊళ్ల ఆడవాళ్లు పక్కపక్కన కూర్చుని కుట్టారు, ఒకరి పువ్వు ఇంకొకరి గౌనులోకి వచ్చేసింది.