జ్ఞానతల్లివి కాబోతున్నావుగా

అమ్మలూ,

నీ స్నేహితురాలు వాళ్ల పాప జ్ఞానస్నానానికి, అదే బాప్తిస్మానికి, నిన్ను జ్ఞానతల్లిగా (గాడ్‌మదర్‌గా) ఉండమందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గొలుసు ఎన్ని గ్రాములది పెట్టాలా అని టెన్షన్ పడుతున్నావట. పెట్టగలిగితే పెట్టు, లేకపోతే మానెయ్యి. శ్రీసభ, అదే మన కథోలిక సంఘం, నిన్ను అడిగేది అది కాదు.

1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం మామూలుగా జ్ఞానతల్లికి 16 ఏళ్లు నిండాలి. సత్ప్రసాదం (కమ్యూనియన్), భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొంది ఉండాలి, విశ్వాసానికి తగ్గట్టు బతుకుతుండాలి. కన్నవాళ్లు పనికిరారు. నీ అభ్యంగనం మన ఊళ్లోనే అయింది కాబట్టి, హైదరాబాద్‌లో ఫాదర్ గారు రుజువు అడిగితే ఇక్కడి నుంచి కాగితం రావాలి. ఆఖరి రోజు దాకా ఆగకు.

జ్ఞానతండ్రిగా అనుకుంటున్న అబ్బాయి లూథరన్ అట కదా. మన గుంటూరు వైపు సగం చుట్టరికాలు అలాగే ఉంటాయి. బాప్తిస్మం పొందిన వేరే సంఘం వాళ్లు జ్ఞానతండ్రిగా కాదు, సాక్షిగా నిలబడొచ్చు, అదీ ఒక కథోలిక జ్ఞానతల్లో తండ్రో పక్కన ఉంటేనే. నువ్వున్నావు కాబట్టి ఇబ్బంది లేదు, ఒక్కరున్నా చాలు. కానీ ఆ మాట అతనికి గుడి మెట్ల మీద కాకుండా ముందే నెమ్మదిగా చెప్పమను.

ఆ రోజు ఫాదర్ గారు ముందు తల్లిదండ్రులను అడిగి, తర్వాత నీ వైపు తిరుగుతారు. బిడ్డను విశ్వాసంలో పెంచడంలో వీళ్లకు తోడ్పడతావా అంటారు. ఫోటోగ్రాఫర్ని చూస్తూ తలూపకు, నోరు తెరిచి చెప్పు. సైతానును విడనాడుతున్నారా, విశ్వసిస్తున్నారా అని అడిగినప్పుడు కూడా నీ విశ్వాసాన్నే చెప్పాలి. నీళ్లు పోసి, నడినెత్తిన తైలం రాసి, తెల్లబట్ట వేశాక గుళ్లో ఉండే పెద్ద ఈస్టర్ కొవ్వొత్తి, అదే పాస్కా వత్తి, నుంచి ఒక చిన్న కొవ్వొత్తి వెలిగిస్తారు. దాన్ని పారేయకుండా దాచమని పాప వాళ్లమ్మకు చెప్పు.

"వాళ్లకేమైనా అయితే పాపను నేనే పెంచాలా?" అన్నావట. చాలామంది అలాగే అనుకుంటారు. చట్టంలో అలాంటిదేం లేదు. నీ మీద పడేది పాప విశ్వాసం బాధ్యత, అదేమీ తేలిక కాదు.

ఎందుకంటే నేను ఒకసారి అందులో తప్పాను. పాతికేళ్ల కిందట ఒక బాబుకు జ్ఞానతల్లిగా నిలబడ్డాను. వెండి గ్లాసు ఇచ్చాను, క్రిస్మస్‌కు డబ్బులు పంపాను, అంతే. వాడి మొదటి సత్ప్రసాదం రోజు దగ్గరికి వెళ్తే, వాళ్లమ్మ వెనక దాక్కుని "ఈమె ఎవరమ్మా?" అన్నాడు. గుడి నిండా జనం. ఆ రోజు భోజనం సహించలేదు నాకు.

అందుకే చెబుతున్నా, పాప నీ గొంతు గుర్తుపట్టాలి. పుట్టినరోజు అందరూ చేస్తారు, నువ్వు జ్ఞానస్నానం తేదీ గుర్తుపెట్టుకో. ఆ రోజు ఫోన్ చేసి ఆ కొవ్వొత్తి వెలిగించమను. వేళ్లు తిరగగానే సిలువ గుర్తు వేయడం నేర్పు. మాటలొచ్చాక మరియమ్మకు చెప్పుకునే మంగళవార్త జపం, నీతో కలిసి. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల తిరునాళ్లకు వస్తే భుజాన ఎక్కించుకుని మరియమాతను చూపించు. మన ప్రసంగాల కన్నా పిల్లలకు అదే గుర్తుంటుంది. ప్రతి రాత్రీ పేరు పెట్టి ప్రార్థించు, రెండు నిమిషాలే. భద్రమైన అభ్యంగనానికి కూడా జ్ఞానస్నానం నాటి జ్ఞానతల్లే నిలబడితే మంచిదని శ్రీసభ అంటుంది. అప్పటికి నువ్వు అమెరికాలో ఉన్నా టికెట్ కొనుక్కుని రావాలి మరి.

ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి నువ్వు ఎన్నాళ్ల కిందట వెళ్లావో అడగను. జ్ఞానస్నానానికి ముందు శనివారం మాత్రం వెళ్లిరా. గొలుసు సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

ఇట్లు,
మీ పెద్దమ్మ