పాస్‌వర్డ్ తీసి వేరియబుల్ పేరు పెడితే లాగిన్ ఫెయిల్ అవుతోంది, ఎందుకు?

ప్రశ్న: మా పైథాన్ అప్లికేషన్ యామల్ (YAML, సెట్టింగ్స్ రాసుకునే ఫార్మాట్) కాన్ఫిగ్ ఫైల్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ నేరుగా రాసి ఉండేది. టీమ్‌లో వద్దన్నారని అది తీసేసి డాలర్ గుర్తు, కర్లీ బ్రాకెట్లలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ఫైల్ బయట, సిస్టమ్‌లో పెట్టే విలువ) పేరు పెట్టాను. ఇప్పుడు లాగిన్ ఫెయిల్ అవుతోంది. రిపో (కోడ్ దాచుకునే చోటు) ఎలాగూ ప్రైవేటే కదా, పాతదే ఉంచేయొచ్చా?

జవాబు: ఉంచొద్దు, దయచేసి. 2016లో ఊబర్ ఇంజినీర్లు వాడే ప్రైవేట్ గిట్‌హబ్ రిపోలోకి దొంగలు దూరి, అక్కడ కోడ్‌లో దొరికిన అమెజాన్ క్లౌడ్ కీలతోనే 5.7 కోట్ల మంది వివరాలు పట్టుకుపోయారు. ప్రైవేట్ అన్న మాట మీద అంత నమ్మకం పెట్టుకోకండి.

ఇక మీ ఎర్రర్ సంగతి. డాలర్ గుర్తుకి యామల్‌లో ప్రత్యేకమైన అర్థం ఏమీ లేదు, అది మామూలు అక్షరమే. స్ప్రింగ్ బూట్, డాకర్ కంపోజ్ లాంటి టూల్స్ ఫైల్ చదివేటప్పుడు తామే ఆ పేరు చోట అసలు విలువ పెడతాయి కాబట్టి అన్నిచోట్లా అలాగే జరుగుతుందని అనిపిస్తుంది, కానీ పైథాన్ యామల్ లైబ్రరీ ఆ పని చేయదు, మీరు రాసినదాన్నే యథాతథంగా మీ కోడ్‌కి ఇస్తుంది, అదే పాస్‌వర్డ్‌గా డేటాబేస్‌కి వెళ్తుంది. ఫైల్ లోడ్ అయ్యాక మీ కోడే ఎన్విరాన్‌మెంట్ నుంచి విలువ తెచ్చి పెట్టాలి. అజూర్ కీ వాల్ట్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో పాస్‌వర్డ్‌లు దాచే చోటు) రిఫరెన్స్‌లోనూ, అంటే పాస్‌వర్డ్ బదులు వాల్ట్‌లో అది ఉన్న చోటు రాసినప్పుడూ, ఇదే చిక్కు: యాప్‌కి వాల్ట్ చదివే పర్మిషన్ లేకపోతే రిఫరెన్స్ రాతే యథాతథంగా యాప్‌కి అందుతుంది, మనమేమో పాస్‌వర్డ్ తప్పేమో అని గంటలు గంటలు వెతుకుతాం.

వేరియబుల్ దొరక్కపోతే వాడమని డిఫాల్ట్ పాస్‌వర్డ్ మాత్రం పెట్టకండి. యాప్ స్టార్ట్ అవకుండా అక్కడే ఆగిపోయి, ఏ పేరు దొరకలేదో చెప్పాలి (పేరు మాత్రమే, విలువ లాగ్‌లోకి రాకూడదు). రేపు కుబర్నెటిస్‌కి (యాప్‌లను సర్వర్ల మీద నడిపించే సిస్టమ్) మారితే అందులో సీక్రెట్ అని రాసే ఫైల్‌ని కూడా గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచే టూల్) పెట్టొద్దు, అందులో ఉండేది బేస్64 (తాళం ఏమీ లేకుండా అక్షరాలను వేరే రూపంలో రాసే పద్ధతి) మాత్రమే, ఎవరైనా క్షణంలో విప్పేయొచ్చు.

అన్నిటికన్నా ముందు ఈ రోజే డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చండి. ఫైల్‌లోంచి తీసేసినా గిట్ హిస్టరీలో పాత కమిట్లలో (సేవ్ చేసిన పాత మార్పుల్లో) అది అలాగే ఉంటుంది, రిపో క్లోన్ (కాపీ) చేసుకున్న ప్రతి లాప్‌టాప్‌లోనూ ఉంటుంది. హిస్టరీ శుభ్రం చేయడం తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.