మేస్త్రీని వదిలెయ్యకు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల మొదటి ప్రతి పూర్తిగా చదివాను. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు స్థిరపడ్డ మన విశాఖ బర్మా క్యాంపులో పెరిగిన పిల్ల రాసిందని ప్రతి పేజీ చెబుతోంది. రంగూన్ రేవులో నీ నాయనమ్మ ఒంటిమీది నగలు ఒలిచిచ్చే ఘట్టం దగ్గర కడుపు తరుక్కుపోయింది. అయితే నీ కథలో మనవాళ్లంతా మంచివాళ్లే. చెడు చేసినవాళ్లంతా పరాయివాళ్లు. నాకు నచ్చనిది అదొక్కటే.

నవలాకారుడు అబ్దుల్‌రజాక్ గుర్నాను చదువు. 1964 విప్లవం తర్వాత తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవిని విడిచి, ఇరవై ఏళ్లు నిండకముందే ఇంగ్లండ్ చేరిన మనిషి. కోపంతో రాయడానికి ఆయనకు కారణాలు తక్కువా? అయినా ఆయన నవల ‘ప్యారడైజ్’లో పన్నెండేళ్ల యూసుఫ్‌ను ఇంటినుంచి తీసుకుపోయేది తెల్లదొర కాదు. తండ్రి తీర్చలేని బాకీ కింద, ఆ పిల్లవాడు బాబాయి అని పిలుచుకునే వర్తకుడే తీసుకుపోతాడు. జర్మన్ల దురాక్రమణ కూడా ఆ నవలలో ఉంది. ఒకటి రాశానని రెండోదాన్ని ఆయన మాఫీ చేయలేదు. మరో నవల ‘బై ద సీ’లో ఇంగ్లండ్‌కు శరణు కోరి వచ్చిన ముసలాయన అగరు పెట్టెను కాజేసే విమానాశ్రయ అధికారి తల్లిదండ్రులు కూడా రుమేనియా నుంచి వలస వచ్చినవాళ్లే!

ఇప్పుడు నీ ముత్తాత ఓడ ఎక్కే పేజీ తీసి చూడు. మేస్త్రీ ఒక్క వాక్యంలో వచ్చి పోయాడు. మన తీరపు జిల్లాల నుంచి రంగూన్ బియ్యం మిల్లులకు, రేవు పనులకు కూలీలను తీసుకెళ్లిన మేస్త్రీలలో తెలుగువాళ్లు ఉన్నారు. ముందు చేతిలో డబ్బు పెట్టి, ఆ బాకీ పేరు చెప్పి కూలిలో కోత పెట్టేవాళ్లు. అతనికొక ఇల్లు ఇవ్వు, పెళ్లాం పిల్లలను ఇవ్వు, పండగకు కూలీలకు భోజనం పెట్టే చెయ్యి కూడా ఇవ్వు. అతను లేకపోతే, అన్ని కష్టాలు పడుతూ కూడా నీ ముత్తాత ఎందుకు తిరిగి రాలేకపోయాడో పాఠకుడికి అర్థం కాదు.

మనవాళ్లు నొచ్చుకుంటారని భయపడుతున్నావేమో. కొందరు నొచ్చుకుంటారు. అయినా రాయి.

ఈ ఏడాది నవలల పోటీకి మాత్రం పంపకు. గుర్నా మొదటి నవల 1987లో వచ్చింది, నోబెల్ 2021లో. ఆ మధ్య చాలా ఏళ్లు కెంట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూనే రాశాడు. గడువు తేదీ కోసం మేస్త్రీని గబగబా గీసిపారేస్తే నేను ఊరుకోను.

క్యాంపులో పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు కదా. ఓడ ప్రయాణం గురించి చాలామంది అడిగే ఉంటారు. నువ్వు బాకీల గురించి అడుగు. ఆ అధ్యాయం తిరగరాశాక ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి తీసుకురా, కూర్చుని చదువుదాం.