‘హెల్డ్ హోస్టేజ్’ అని ఎక్కడ రాయొచ్చు?

ఇంటి ఓనర్ అడ్వాన్స్ తిరిగి ఇవ్వకపోతే ఇంగ్లిష్‌లో ‘హెల్డ్ హోస్టేజ్’ (బందీగా పట్టుకున్నారు) అనొచ్చా, లేక నిజంగా మనుషుల్ని బంధించినప్పుడే అనాలా అని ఒకరు అడిగారు. రెండు రకాలుగానూ వాడతారు. అయితే ఎక్కడ వాడినా ఒక డిమాండ్ ఉండాలి. ఓనర్ ఊరికే డబ్బు ఎగ్గొడితే అది మోసం. ‘ఇల్లంతా పెయింట్ వేయిస్తేనే ఇస్తా’ అని మెలిక పెడితే ఆ మాట సరిపోతుంది.

అసలు అర్థంలో చూస్తే 2011 ఫిబ్రవరిలో ఒడిశాలో మావోయిస్టులు మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణను ఎత్తుకెళ్లారు. పట్టుకున్నది కలెక్టర్‌ను, అడిగింది ప్రభుత్వాన్ని, జైళ్లలో ఉన్న తమవాళ్లను వదలమని. మన ప్రొఫెసర్ హరగోపాల్ గారు మధ్యవర్తిగా వెళ్లారు. బందీలను పట్టుకోవడంపై 1979 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం కూడా ఇదే చెబుతుంది: ఒకరిని పట్టుకుని, మూడోవాళ్ల చేత ఏదో ఒకటి చేయించుకోవాలని చూడటం. అందుకే జైల్లో ఉన్న ఖైదీని హోస్టేజ్ అనరు.

రెండో అర్థం నాకు అనుభవంలోకి వచ్చింది. ఇంజనీరింగ్ అయ్యాక జాబ్‌లో చేరాలంటే ఒరిజినల్స్ కావాలి. గవర్నమెంటు నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి ఆ మొత్తం మీరే కట్టండన్నారు కాలేజీవాళ్లు. నా టెన్త్ మెమో ఉన్న ఖాకీ కవరు క్లర్కు వెనక బీరువాలో కనిపిస్తూనే ఉంది. ‘డ్యూ క్లియర్ చేసి తీసుకెళ్లు బాబూ’ అంటాడాయన. నాన్న అప్పు చేసి కట్టారు. బాకీ ప్రభుత్వానిది, సర్టిఫికెట్లు నావి, డబ్బు నాన్నది. ‘దే ఆర్ హోల్డింగ్ మై సర్టిఫికెట్స్ హోస్టేజ్’ అని హెచ్‌ఆర్‌కు మెయిల్ రాస్తే, ఇంకేమీ వివరించకుండానే విషయం అర్థమై గడువు ఇచ్చారు. (ఒరిజినల్స్ కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని 2018లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చెప్పింది. మీ పిల్లలకు ఈ గతి పడితే రాతపూర్వకంగా అడగండి.)

ట్రాఫిక్‌లో ఇరుక్కుని ‘హెల్డ్ హోస్టేజ్’ అని రాసేవాళ్లను చూస్తే మాత్రం బాధేస్తుంది. ట్రాఫిక్ మనల్ని ఏమీ అడగదు. అడవిలో వారంపాటు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నవాళ్ల కష్టం ముందు ఆ మాట తేలిపోతుంది.

బంద్‌ల వార్తల్లో మన ఇంగ్లిష్ పత్రికలు ‘హెల్డ్ టు రాన్సమ్’ అని ఎక్కువ రాస్తాయి, భావం ఒకటే. తెలుగులో రాసేటప్పుడు ‘బందీ చేశారు’ కంటే ‘అడ్డం పెట్టుకున్నారు’ అంటే బాగా పలుకుతుంది. ఎంతమంది ఉన్నా ఇంగ్లిష్‌లో ‘దే వర్ హెల్డ్ హోస్టేజ్’ అనే రాయాలి, అక్కడ హోస్టేజెస్ అని మారదు.