గ్రాంట్‌కి అప్లై చేయండి, ఉద్యోగం మాత్రం అప్పుడే మానకండి

కొత్తగా కంపెనీ పెట్టాం, ప్రభుత్వ గ్రాంట్ వస్తుందన్న ధీమాతో ఉద్యోగం మానేయొచ్చా అని అడిగారు. వద్దండీ. కనీసం గ్రాంట్ రెండో విడత చేతికొచ్చే దాకా ఆగండి.

మాకు వచ్చింది 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకం కింద. ప్రోటోటైప్, ట్రయల్స్ కోసం 20 లక్షల దాకా గ్రాంట్ ఇస్తారు, తిరిగి కట్టక్కర్లేదు. అందరికీ ఆ 20 లక్షలే కనిపిస్తాయి. అది మైల్‌స్టోన్ల లెక్కన, అంటే ముందే ఒప్పుకున్న పనులు పూర్తయ్యేకొద్దీ, విడతలుగా వస్తుందన్న సంగతి ఎవరికీ పట్టదు.

మేం చేసింది పాల సేకరణ సెంటర్లలో పాలను చల్లబరిచే పెద్ద ట్యాంకులకు, అంటే బల్క్ కూలర్లకు, బిగించే చిన్న పెట్టె. పాలు 4 డిగ్రీల దగ్గర ఉండాలి. కరెంటు పోయి వేడెక్కడం మొదలైతే సెంటర్ నడిపేవాళ్ల ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది. మొదటి విడతతో సర్క్యూట్ బోర్డులు చేయించాం, కూలర్లకు బిగించాం, బాగా పనిచేశాయి. రివ్యూకి వెళ్తే మా ఇంక్యుబేటర్ (స్టార్టప్‌లను ఎంపిక చేసి ఈ గ్రాంట్ చేతికిచ్చే సంస్థ) కమిటీలో ఉన్న రిటైర్డ్ ఇంజినీరు గారు మూత తీసి, కరెంటు పోతే ఇది ఆగిపోదా అని అడిగారు. అక్కడే ప్లగ్ పీకేశాను. కాసేపటికి టేబుల్ మీదున్న ఫోన్ మోగింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఇంతలో అకౌంట్స్ చూసే ఆయన ఒక బిల్లు మీద వేలు పెట్టారు. "బడ్జెట్‌లో 2జీ మోడెమ్ అని ఉంది, బిల్లులో 4జీ అని ఉందేంటండీ?" మోడెమ్ అంటే ఫోన్‌కి మెసేజ్ పంపే పార్టు. మేం కొనే నాటికి ఆ పాత 2జీ పార్టు మార్కెట్లో దొరకడం లేదు. అదే చెప్పాం. "నిజమే కావచ్చు, ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి కదా" అన్నారు. లెటర్ పెట్టాం. అది తర్వాతి మీటింగు దాకా కదల్లేదు. దాంతో యూసీ (ఇచ్చిన డబ్బు సరిగ్గా ఖర్చయిందని చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్) ఆగింది, యూసీ ఆగేసరికి విడతా ఆగింది. ఆ నెలల్లో మా కుర్రాళ్ల జీతాలు నా పార్ట్‌నర్ బయట చేసే ఫ్రీలాన్స్ పని మీదే నడిచాయి.

ప్రజల డబ్బుకి లెక్క అడగాల్సిందే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ కళ్లముందు పనిచేస్తున్న వస్తువు కన్నా బిల్లులో ఒక్క పదం ఎక్కువైపోతే హార్డ్‌వేర్ చేసేవాళ్లు బతకలేరు. ఒకే పద్దులో ఒక పార్టు బదులు ఇంకో పార్టు కొనుక్కునే వెసులుబాటు ప్రతి పథకంలోనూ ఉండి తీరాలి.

ఇంకో మాట. గ్రాంట్ ఇప్పిస్తాం, ఇంత శాతం ఇవ్వండంటూ ఫోన్లు చేసే కన్సల్టెంట్లను దగ్గరికి రానివ్వకండి. ఈ పథకంలో దరఖాస్తుకి గానీ ఎంపికకి గానీ ఇంక్యుబేటర్ ఏ ఫీజూ తీసుకోకూడదని మార్గదర్శకాల్లోనే ఉంది. మీ ప్రొడక్ట్ గురించి మీకన్నా బాగా రాసేవాళ్లెవరు? ఇలాంటివాళ్ల మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్న పిల్లల్ని చూస్తే కడుపు మండిపోతుంది.

దరఖాస్తులో మూడు ఇంక్యుబేటర్లను ఎంచుకోవచ్చు. బిల్డింగు, పేరు చూసి ఎంచుకోకండి. అక్కడ ఇప్పటికే గ్రాంట్ తీసుకున్న స్టార్టప్ వాళ్లకు ఫోన్ చేసి రెండో విడత ఎన్నాళ్లకు వచ్చిందో కనుక్కోండి. బడ్జెట్‌లో పార్టు మోడల్ రాయకుండా "సెల్యులార్ మోడెమ్" అని రాయండి. మైల్‌స్టోన్‌గా ఇంతమంది కస్టమర్లు అని పెట్టకండి, కస్టమర్ సంతకం మీ చేతుల్లో ఉండదు. పరికరం ఫీల్డులో నెల రోజులు ఆగకుండా పనిచేయాలి అని పెట్టండి, అది మీరు చేసి చూపించగలరు.